ఒక వెంట్రుక

లీలామహల్ సర్కిల్ కాడ మా అంగడి.
అంగడి అనకూడదంట, అవుట్‌లెట్ అనాలంట.
కొండ దిగినోళ్లు నేరుగా ఈడికే వస్తారు,
గుండు మీద గంధం ఇంకా ఆరదు,
"ఒక బకెట్ వింగ్స్, కారం జాస్తి" అంటారు.
నేను నవ్వను. నవ్వేదానికి కౌంటర్లో వేరే పిల్లోడుండాడు.
నాది వెనకాల, నూనె కాడ.

మూడు నిమిషాల పది సెకన్లకొకసారి టైమరు కూస్తాది.
బుట్ట ఎత్తు, దులుపు, మళ్లీ దించు.
కొర్లగుంట రూములో, నిద్దట్లో కూడా అది కూస్తాది.
చెయ్యి దానంతటదే లేస్తాది,
పక్కన పండుకున్న ఖాదర్ వలీ మూతికి తగులుతాది.
వాడు తిట్టడు. వాడిది బన్నుల మిషను,
వాడి కలలు వాడికుండాయి.

మొన్న శనివారం
బర్గర్లో వెంట్రుకొచ్చిందని ఒకాయన కేకలు.
జానెడు వెంట్రుక.
ఆయనకి లేవు, ఆయన పెండ్లానికి లేవు,
పిలకాయలిద్దరికీ లేవు,
నలుగురూ తెల్లారేపొద్దుకే కొండకిచ్చేసినారు.
కాబట్టి అది మాది.
మాలో జడుండేది ఒక్క రెడ్డెమ్మకే.

రెడ్డెమ్మ పాకాల నుంచి రైల్లో వస్తాది.
తలకి నెట్టు, నెట్టు మీద టోపీ,
అయినా ఆ పోగు ఎట్ల జారిందో
గోవిందుడికే తెలియాల.
మేనేజరు చెంగల్రాయుడు పుస్తకం తీసి రాసుకున్నాడు:
వెంట్రుక, నూటాయాభై.

ఆమెకి గంటకి నలభై ఎనిమిది.
మూడు గంటలా ఏడున్నర నిమిషం
ఆ పొద్దు ఆమె నిలబడింది
ఒక వెంట్రుక కోసం.

ఏడవలేదు. గ్లౌజు ఊడబెరికింది.
"సార్, నాకొక లెక్క చెప్పండి.
కొండ మీద జుట్టు మూటలు మూటలు వేలానికి పెడతారు కదా,
అంత జుట్టుకీ ఒక ధరుంటాది.
మీరు నా ఒక్క పోగుకే నూటాయాభై కట్టినారు.
సామికంటే మీరే జాస్తి కట్టినారు, సంతోషం.
తలలో ఎన్నుండాయో నేనెప్పుడూ ఎంచలేదు,
ఆ లెక్కన నేను కోటీశ్వరిని."

అని చెయ్యి చాపింది.
మణికట్టు నుంచి మోచెయ్యి దాకా
నూనె చిట్లిన మచ్చలు, దోసె మీద బొక్కల మాదిరి.
"వెంట్రుకకి రేటు కట్టినోళ్లు
దీనికీ కట్టండి. గంటకెంతో."

చెంగల్రాయుడు కూడా మాబోటోడే,
పుత్తూరు పిల్లోడు, బీటెక్కు.
మాకంటే ఆరు వేలు జాస్తి, ఒక టై జాస్తి.
వాడి కండ్లు ఫ్రీజరు దిక్కుకి పోయినాయి.
ఫ్రీజరు వెనక గోడకి ఒక కాయితముండాది,
కనీస వేతనాలు అని పైన పెద్దచ్చరాలు.
ఇన్‌స్పెక్టరొచ్చే దినం ఫ్రీజరు పక్కకి జరుగుతాది,
మిగతా దినాలు దాన్ని బొద్దింకలు చదువుకుంటాయి.

కనీసం అంటే
ఇంతకి తగ్గకూడదని బడిలో చెప్పినారు.
మా అంగట్లో
ఇంతకి మించకూడదని.

ఆదివారం రాత్రి, షట్టరు సగం దించినాక,
ఖాదర్ వలీ, నేను, కౌంటరు పిల్లోడు, రెడ్డెమ్మ
నలుగురం కలిసి ఫ్రీజరు జరిపినాం.
అబ్బ, ఏం బరువు!
కింద నుంచి మూడు బంగాళదుంపలు, ఒక ఉంగరం,
ఎవరిదో పోయినేడాది జీతం కవరు, ఖాళీది.
కాయితం నూనె పీల్చి పసుప్పచ్చగా ఉండాది.
సెల్లు లైటేసి రెడ్డెమ్మ ఏలు పెట్టి చదివింది,
అంకె కాడికొచ్చినాక ఆగింది,
మళ్లీ మొదటి నుంచి చదివింది.
ఎవరం ఏం మాట్లాడలేదు.
కౌంటరు పిల్లోడు కూడా నవ్వలేదు.

తెల్లారి చెంగల్రాయుడొచ్చి చూసినాడు.
ఆ నూటాయాభై కొట్టెయ్యలేదు.
"దీన్ని వెనక్కి నెట్టండప్పా" అన్నాడు, మెల్లిగా.
నెట్టాలంటే నలుగురు కావాల.
ఒకడు బన్నుల కాడ, ఒకడు కౌంటర్లో,
నేను నూనె కాడ.
రెడ్డెమ్మ తలకి నెట్టు కట్టుకుంటా ఉండాది,
ఒక్కొక్క వెంట్రుకే లోపలికి దోపుకుంటా,
శానా నిదానంగా.